నష్టం కొలిమిలోనా.. కాగితంలోనా?

విశాఖపట్నం: నష్టం తెస్తున్న సరుకును తయారు చేయడం దేనికి, ఆపివేస్తే పోయేదానికి అన్న మాట వినడానికి ఎంతో సబబుగా తోస్తుంది. రేవు, ఉక్కు, ఎరువులు, నౌకా నిర్మాణం వంటి భారీ పరిశ్రమలతో ఎదిగిన విశాఖలో ఈ మాట ఎన్నో కుటుంబాల బతుకుతెరువును నిర్ణయించింది. గాజువాక సమీపంలోని మింది వద్ద 1977లో ప్రారంభమైన హిందుస్థాన్ జింక్ కర్మాగారం 2012 ఆరంభంలో ఉత్పత్తికి స్వస్తి పలికింది. పదేళ్లు తిరిగేసరికి, 2022 జనవరిలో, విశాఖ ఉక్కు కర్మాగారంలోని మూడో బ్లాస్ట్ ఫర్నేస్ ఆగింది. మొదటిది తిరిగి తెరుచుకోలేదు. రెండోది మళ్లీ వెలిగింది, మళ్లీ ఆరింది, మరోసారి వెలిగింది.

ఈ రెండు ఉదంతాలనూ ఒకే గాటన కట్టి, యాజమాన్యాలది తప్పని కొందరు, కార్మికులది మొండితనమని మరికొందరు వాదించడం పరిపాటి అయింది. నిజానికి నష్టం వస్తున్న సరుకును వదులుకోవాలా, కొనసాగించాలా అన్నది వాణిజ్యశాస్త్రంలో చాలాకాలంగా పాఠంగా చెబుతున్న విషయమే. డిగ్రీ కళాశాలల్లో వ్యయ గణన చదివిన ప్రతి విద్యార్థీ ఈ లెక్కను ఒకసారైనా చేసి ఉంటాడు. పరీక్ష హాలులో సులువుగా తేలే ఈ లెక్క కర్మాగారం గేటు దగ్గరకు వచ్చేసరికి ఎందుకు జటిలమవుతుందన్నదే ఇక్కడ పరిశీలించదగిన అంశం.

గేదె పాలు, ఇంటి గడ్డి

ముందుగా చోడవరం ప్రాంతంలోని ఒక సన్నకారు రైతు ఇంటిని ఊహించుకుందాం. అతనికి ఒక పాడి గేదె ఉంది. నెలకు 6,000 రూపాయల పాలు అమ్ముతాడు. ఎండుగడ్డి విలువ 2,500, తవుడు, తెలగపిండి 2,500, పశువుల పాకలో గేదె వాటా కింద 800, మేపి పాలు పితికే ఇంటిల్లాలి శ్రమకు 1,500.. మొత్తం 7,300 రూపాయలు ఖర్చుగా రాశాడనుకుందాం. కాగితం మీద నెలకు 1,300 రూపాయల నష్టం. పట్నంలో చదువుకుంటున్న కొడుకు ఈ లెక్క చూసి గేదెను అమ్మివేయమంటాడు.

అమ్మిన మర్నాటి నుంచి ఏయే ఖర్చులు ఆగిపోతాయన్నది అసలు ప్రశ్న. తవుడు, తెలగపిండి కొనుగోలు ఆగుతుంది. అంటే 2,500 మిగులుతాయి. గడ్డి తన పొలంలోనిదే. కొనేవాడు లేకపోతే వానకు కుళ్లిపోతుంది. పాక అలాగే ఉంటుంది. ఇంటిల్లాలికి వేరే పని దొరక్కపోతే ఆమె శ్రమ విలువ 1,500 ఎక్కడి నుంచీ రాదు. పోయేది మాత్రం 6,000 రూపాయల పాల సొమ్ము. నష్టం తెస్తోందన్న గేదెను అమ్మితే ఆ ఇంటికి నెలకు 3,500 రూపాయల రాబడి తగ్గుతుంది. పేడ లేక పొలానికి ఎరువు కొనుక్కోవలసి రావడం దీనికి అదనం.

అయితే ఇదే లెక్క తలకిందులు కావడానికి ఎక్కువ సమయం పట్టదు. ఊరి పక్కన డెయిరీ వెలిసి గడ్డికి గిరాకీ వచ్చినా, ఇంటిల్లాలికి వేరే చోట మంచి కూలి దొరికినా గేదెను అమ్మడమే లాభసాటి కావచ్చు. గేదెను కొన్నప్పుడు పోసిన సొమ్ము ఎంతన్నది మాత్రం ఈ నిర్ణయంలోకి రాకూడదు. అది ఉంచినా, అమ్మినా తిరిగి రాని డబ్బు. ఈ రోజు సంతలో దాని ధర ఎంతన్నదే లెక్కలోకి వస్తుంది. ఇంత చిన్న విషయాన్ని పెద్ద పెద్ద సంస్థల బోర్డులు సైతం మరచిపోతుంటాయి. వందల కోట్లు పోసి కట్టాం కనుక మూయలేమన్న మాట ఎంత పొరపాటో, పుస్తకాల్లో నష్టం కనిపిస్తోంది కనుక మూసేద్దామన్న మాటా అంతే పొరపాటు.

ఉమ్మడి ఖర్చు చేసే మాయ

గేదె నుంచి ఫౌండ్రీకి వెళితే లెక్క ఇంకాస్త స్పష్టమవుతుంది. గాజువాక ఆటోనగర్‌లోని చిన్న పరిశ్రమల తరహాలో ఒక పోత ఇనుము యూనిట్‌ను ఉదాహరణగా తీసుకుందాం. అంకెలు వివరణ కోసం కల్పించినవే. ఆ యూనిట్ పంపుల విడిభాగాలు, మ్యాన్‌హోల్ మూతలు, తూకపు రాళ్లు తయారు చేస్తోంది. ఏటా విడిభాగాల అమ్మకం 100 లక్షలు, మూతలది 60 లక్షలు, తూకపు రాళ్లది 40 లక్షలు. దుక్క ఇనుము, బొగ్గు, కరెంటు, రోజు కూలి వంటివి సరుకు పెరిగితే పెరుగుతాయి, తగ్గితే తగ్గుతాయి. ఇవి వరుసగా 55, 36, 30 లక్షలు. అమ్మకంలోంచి వీటిని తీసివేస్తే విడిభాగాలపై 45, మూతలపై 24, రాళ్లపై 10 లక్షలు మిగులుతాయి. ఈ మిగులునే వాణిజ్యశాస్త్రంలో కాంట్రిబ్యూషన్ అంటారు.

ఇక స్థిర వ్యయం. ఒక్కో సరుకుకే ప్రత్యేకించిన అచ్చులు, మేస్త్రీ జీతం వంటివి విడిభాగాలకు 8, మూతలకు 6, రాళ్లకు 4 లక్షలు. ఇవి పోగా షెడ్డు అద్దె, బ్యాంకు వడ్డీ, మేనేజరు జీతం, కరెంటు కనీస చార్జీ, కాపలా వంటి ఉమ్మడి ఖర్చులు 46 లక్షలు. ఈ 46 లక్షలు ఏ సరుకు వల్ల అయ్యాయని అడిగితే సమాధానం లేదు. అన్నిటి వల్లా అయ్యాయి, ఏ ఒక్కటి లేకున్నా అవుతాయి. అయినా పుస్తకంలో ఎక్కడో ఒకచోట రాయాలి కనుక గుమాస్తా అమ్మకాల దామాషాలో పంచుతాడు. విడిభాగాలకు 23, మూతలకు 13.8, రాళ్లకు 9.2 లక్షలు పడతాయి. విడిభాగాలపై 14 లక్షలు, మూతలపై 4.2 లక్షలు లాభం తేలుతుంది. తూకపు రాళ్లపై 3.2 లక్షల నష్టం కనిపిస్తుంది. మొత్తం మీద యూనిట్‌కు 15 లక్షల లాభం.

యజమాని నష్టం చూసి రాళ్ల పోత ఆపేశాడనుకుందాం. 15 లక్షలకు 3.2 కలిసి లాభం 18.2 లక్షలు కావాలని ఆయన ఆశ. జరిగేది వేరు. రాళ్లపై వచ్చే 10 లక్షల మిగులు పోతుంది. వాటికే ప్రత్యేకించిన 4 లక్షల ఖర్చు తగ్గుతుంది. ఉమ్మడి ఖర్చు 46 లక్షలు పైసా కూడా తగ్గదు. నికరంగా లాభం 6 లక్షలు పడిపోయి 9 లక్షలకు చేరుతుంది.

కథ అక్కడితో ఆగితే నయమే. మరుసటి ఏడాది అవే 46 లక్షలను రెండు సరుకుల మీదే పంచాలి. విడిభాగాలకు 28.75, మూతలకు 17.25 లక్షలు పడతాయి. నిన్నటి దాకా 4.2 లక్షల లాభం చూపిన మూతలు ఇప్పుడు ముక్కాలు లక్షకు దిగజారుతాయి. మునిసిపాలిటీ నుంచి వచ్చే ఆర్డరు కాస్త తగ్గినా అవీ నష్టాల జాబితాలోకి ఎక్కుతాయి. వాటినీ ఆపితే మిగిలిన విడిభాగాల మీద మొత్తం 46 లక్షలు వచ్చి పడతాయి. 45 లక్షల మిగులులో 8 పోను 37 లక్షలు, దానిపై 46 లక్షల బరువు. చివరికి 9 లక్షల నష్టం. లాభాల్లో ఉన్న యూనిట్ కేవలం నష్టం తగ్గించుకునే ప్రయత్నంలోనే తాళం వేసుకునే స్థితికి వస్తుంది. సరుకుల్లో ఏ లోపమూ లేకున్నా, పంపకం లెక్క ఎంత పని చేయగలదో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

ఇదే యూనిట్‌కు మరో దారి ఉంటే తీర్పు మారుతుంది. రాళ్ల పోతకు వాడే స్థలంలో, అదే కొలిమిలో కొత్త రకం సరుకు పోసి, దాని సొంత ఖర్చులన్నీ పోను ఏటా 9 లక్షలు మిగిల్చుకోగలిగితే, 6 లక్షలే ఇచ్చే రాళ్లను వదులుకోవడమే వివేకం. అప్పుడు కూడా కారణం పుస్తకంలోని 3.2 లక్షల నష్టం కాదన్నది గమనార్హం. రాళ్లు లాభం చూపుతున్నా సరే, అంతకన్నా మెరుగైన పని దొరికితే వదలవలసిందే. పంపుల విడిభాగాలు కొనే వర్తకుడు రాళ్లు కూడా అక్కడే దొరుకుతాయని వస్తున్నాడా అన్నది మరో సంగతి. ఆ వర్తకుడు కూడా జారిపోతే పోయేది 6 లక్షలతో ఆగదు.

కాలపరిమితిని బట్టి కూడా లెక్క మారుతుంది. షెడ్డు అద్దె ఒప్పందం మూడేళ్లకు ముగుస్తుందనుకుంటే, ఈ ఏడాది కదలని ఖర్చు మూడేళ్ల తర్వాత కదులుతుంది. అప్పుడు చిన్న షెడ్డుకు మారిపోవచ్చు. నేటికి స్థిరమనిపించే వ్యయం శాశ్వతంగా స్థిరం కాదు. నిర్ణయం ఎంత దూరం చూసి తీసుకుంటున్నారన్న దాన్నిబట్టి తప్పించుకోగల ఖర్చుల జాబితా పొడుగవుతూ పోతుంది.

మిందిలో ఏం జరిగింది?

ఈ కొలబద్దతో హిందుస్థాన్ జింక్ ఉదంతాన్ని చూస్తే చాలా సంగతులు తేటతెల్లమవుతాయి. 1966లో ప్రభుత్వ రంగ సంస్థగా ఏర్పడిన హిందుస్థాన్ జింక్‌కు ప్రధాన గనులన్నీ రాజస్థాన్‌లోనే ఉన్నాయి. అయినా 1970వ దశకంలో విశాఖలో కర్మాగారం నెలకొల్పారు. పక్కనే రేవు ఉండడం, గుంటూరు జిల్లా అగ్నిగుండాలలోను, ఒడిశాలోని సర్గిపల్లిలోను సీసపు గనులు ఉండడంతో జింకుతో పాటు సీసం కూడా ఇక్కడ తీసేవారు. కాలక్రమేణా సీసం విభాగం నిలిచిపోయింది. జింకు ఉత్పత్తి సామర్థ్యం మాత్రం ఏడాదికి 30,000 టన్నుల నుంచి 56,000 టన్నులకు పెరిగింది. 2002 ఏప్రిల్‌లో కేంద్రం సంస్థలో 26 శాతం వాటాను 445 కోట్ల రూపాయలకు స్టెరిలైట్‌కు విక్రయించి యాజమాన్యాన్ని అప్పగించిన విషయం విదితమే.

జింకు తయారీలో రెండు పద్దులు లాభనష్టాలను శాసిస్తాయి. గనిలో తవ్విన రాయిని అక్కడే పొడి చేసి, శుద్ధి చేసి, దాదాపు సగం జింకు ఉండే ఖనిజపు పొడిగా మారుస్తారు. పరిశ్రమ వర్గాలు దీనిని కాన్‌సన్‌ట్రేట్ అంటాయి. దానిని కర్మాగారంలో కాల్చి, ఆమ్లంలో కరిగించి, మలినాలు తొలగించి, ఆ ద్రావణంలోకి విద్యుత్తు ప్రవహింపజేస్తారు. అల్యూమినియం రేకుల మీద పొరగా పేరుకున్న జింకును ఒలిచి, కరిగించి దిమ్మలుగా పోస్తారు. విద్యుత్తే ఇక్కడ ప్రధానమైన ఇంధనం. టన్ను జింకుకు అటూఇటుగా 4,000 యూనిట్లు ఖర్చవుతాయి. 56,000 టన్నుల పూర్తి సామర్థ్యానికి ఏటా 22 కోట్ల యూనిట్లకు పైమాటే. కొన్న కరెంటుకు, సొంతంగా తయారు చేసుకున్న కరెంటుకు మధ్య యూనిట్‌కు ఒక్క రూపాయి తేడా ఉన్నా ఏడాదికి 22 కోట్ల రూపాయల పైచిలుకు తేడా వస్తుంది.

రెండో పద్దు రవాణా. టన్ను జింకు కావాలంటే దాదాపు రెండు టన్నుల ఖనిజపు పొడిని రాజస్థాన్ నుంచి వెయ్యి కిలోమీటర్లకు ఎంతో పైబడిన దూరం రైల్లో తేవాలి. అందులో సగం జింకు కాని పదార్థమే. అదే పొడిని గని పక్కనే కరిగిస్తే ఒక టన్ను దిమ్మలను మాత్రమే దక్షిణాదికి పంపితే సరిపోతుంది. దక్షిణాదిలోని కొనుగోలుదారులకు దగ్గరగా ఉండడం విశాఖకు కలిసొచ్చే అంశమే అయినా, రెండు టన్నులు తెచ్చి ఒక టన్ను అమ్మే చోట ఆ వెసులుబాటు నిలవదు.

జింకు ధర కర్మాగారం చేతిలో ఉండదు. లండన్ లోహ విపణిలో పలికే ధరే ప్రపంచమంతటా ప్రామాణికం. 2006 చివర టన్ను 4,000 డాలర్లు దాటిన జింకు, 2008 చివరికి సుమారు 1,100 డాలర్లకు పతనమైంది. ధర ఆకాశంలో ఉన్నప్పుడు ఎంత ఖర్చుతో తీసినా లాభమే. ధర పడినప్పుడు ఖరీదైన కర్మాగారాలే మొదట నీళ్లు మింగుతాయి. అటువంటి గడ్డుకాలానికి అటూ ఇటూ, అంటే 2005 నుంచి 2010 వరకు, హిందుస్థాన్ జింక్ రాజస్థాన్‌లోని చందేరియాలోను, దరీబాలోను భారీ జింకు యూనిట్లను, వాటికి సొంత బొగ్గు విద్యుత్ కేంద్రాలను నిర్మించుకుంది. 2010లో పూర్తయిన దరీబా యూనిట్ ఒక్కదాని సామర్థ్యమే 2,10,000 టన్నులు. విశాఖ యూనిట్‌కు ఇది దాదాపు నాలుగింతలు.

ఇక్కడే ఫౌండ్రీ ఉదాహరణకు, జింకు ఉదంతానికి మధ్య ఉన్న కీలకమైన తేడా బయటపడుతుంది. ఫౌండ్రీలో రాళ్ల పోత ఆపితే ఆ అమ్మకం పోతుంది. విశాఖలో జింకు ఆపితే హిందుస్థాన్ జింక్ అమ్మకం పోలేదు. ఆ ఖనిజపు పొడినే రాజస్థాన్‌లో కరిగించి అదే కొనుగోలుదారుకు అమ్ముకోగలిగింది. కనుక యాజమాన్యం ముందున్న ప్రశ్న విశాఖ యూనిట్ లాభమా, నష్టమా అన్నది కాదు. ఒక టన్ను ఖనిజం ఎక్కడ కరిగిస్తే ఎక్కువ మిగులుతుందన్నదే. ఆ ప్రశ్న వేసుకున్న క్షణమే విశాఖ ఓడిపోయింది. ఇక్కడి ఖర్చుల్లో సింహభాగమైన కరెంటు బిల్లు, రవాణా చార్జీ రెండూ మూసిన మర్నాడే ఆగిపోయేవి. ఉమ్మడి ఖర్చు పంపకం వల్ల పుట్టిన కాగితపు నష్టమని దీనిని కొట్టిపారేయడం కష్టం. యాజమాన్యం మీద ఎన్ని విమర్శలున్నా, సంస్థ లెక్క వరకు ఈ నిర్ణయానికి ఆధారం ఉందనే చెప్పాలి.

ఆ లెక్క సంస్థది. విశాఖ లెక్క వేరు. ఖనిజాన్ని కాల్చినప్పుడు వెలువడే గంధక వాయువు నుంచి టన్ను జింకుకు ఒకటిన్నర నుంచి రెండు టన్నుల వరకు సల్ఫ్యూరిక్ ఆమ్లం వస్తుంది. ఫాస్ఫేట్ ఎరువులకు ఇది తప్పనిసరి ముడిసరుకు. దూరం పంపడం ఖర్చుతోను, ప్రమాదంతోను కూడిన పని. ఎరువుల కర్మాగారమున్న ఊళ్లో ఆమ్లం ఉత్పత్తి కావడానికి ఉన్న విలువ జింకు యూనిట్ నష్టాల పట్టికలో కొంతమేరకే కనిపిస్తుంది. లారీల యజమానులు, కాంట్రాక్టు కార్మికులు, గేటు ఎదుట టీ బడ్డీలు, అద్దె ఇళ్లు ఏ పట్టికలోనూ కనిపించవు. రాజస్థాన్‌లో పెరిగిన ఉపాధి మింది కుర్రవాడికి ఉద్యోగం ఇవ్వదు. ఇన్నేళ్లుగా పేరుకున్న భారలోహాల వ్యర్థాలను సంరక్షించే బాధ్యత సైతం గేటు మూసినంత మాత్రాన తీరదు. మూసివేత ఖర్చు కింద వీటినీ మొదట్లోనే లెక్కగట్టడం సరైన పద్ధతి.

ఉక్కులో తిరగబడిన లెక్క

జింకు మూతపడిన 2012లోనే విశాఖ ఉక్కులో మూడో బ్లాస్ట్ ఫర్నేస్ 'అన్నపూర్ణ' మొదలైంది. 1990లో వెలిగిన 'గోదావరి', తర్వాత వచ్చిన 'కృష్ణ'లకు ఇది తోడైంది. దశలవారీ విస్తరణతో కర్మాగారం ద్రవ ఉక్కు సామర్థ్యం ఏడాదికి 73 లక్షల టన్నులకు చేరింది. విస్తరణకు తెచ్చిన అప్పులపై వడ్డీ, శాశ్వత ఉద్యోగుల జీతాలు, ఓడరేవు నుంచి కోక్ ఓవెన్ల దాకా ఉన్న కన్వేయర్లు, సొంత విద్యుత్ కేంద్రం.. ఇవన్నీ మూడు కొలిముల ఉత్పత్తిని దృష్టిలో పెట్టుకుని ఏర్పడిన ఖర్చులు. ఫౌండ్రీ ఉదాహరణలోని 46 లక్షలకు ఇవి పెద్ద రూపం.

2022 జనవరిలో అన్నపూర్ణ ఆగినప్పుడు ఈ ఖర్చుల్లో తగ్గినవి స్వల్పం. ఇనుప ఖనిజం, కోకింగ్ బొగ్గు కొనుగోలు తగ్గింది. వడ్డీ తగ్గలేదు, జీతాల భారం తగ్గలేదు. మిగిలిన రెండు కొలిముల నుంచి వచ్చే ప్రతి టన్ను మీదా స్థిర వ్యయం పెరిగింది. 2021-22లో 28,000 కోట్ల రూపాయలకు పైబడిన టర్నోవరుతో 913 కోట్ల లాభం చూపిన సంస్థ, 2022-23లో 2,858 కోట్లు, 2023-24లో 4,848 కోట్ల రూపాయల నష్టాన్ని నమోదు చేసింది. దీనికి కొలిమి ఆగడం ఒక్కటే కారణమనడం సరికాదు. ఉక్కు ధరల హెచ్చుతగ్గులు, దిగుమతి బొగ్గు ధర, సొంత ఇనుప గని లేక బైలదిల్లా ఖనిజాన్ని మార్కెట్ ధరకు కొనవలసి రావడం, నిర్వహణ పెట్టుబడి కొరత అన్నీ తోడయ్యాయి. ముడిసరుకు కొనడానికి డబ్బు లేక కొలిమి ఆగుతుంది. కొలిమి ఆగినందున డబ్బు రాదు. కార్మిక సంఘాలు నెత్తీనోరూ బాదుకున్నది ఈ వలయం గురించే. 2021 జనవరిలో కేంద్రం నూరు శాతం పెట్టుబడుల ఉపసంహరణకు సూత్రప్రాయంగా ఆమోదం తెలిపినప్పటి నుంచి ఈ అంకెలను ఎవరి వాదనకు అనుగుణంగా వారు చదవడం మొదలైంది.

బ్లాస్ట్ ఫర్నేస్‌ను మీట నొక్కి ఆపి, మీట నొక్కి వెలిగించడం కుదరదు. లోపల కరిగిన ఇనుము గడ్డకడితే తొలగించడమే పెద్ద పని. కోక్ ఓవెన్లను చల్లారనిస్తే లోపలి సిలికా ఇటుకలు పగులుతాయి. బొగ్గు చాలకున్నా వాటిని వేడిగా నిలబెట్టక తప్పదు. ఆపడానికి ఒక ఖర్చు, ఆగి ఉన్నందుకు ఒక ఖర్చు, మళ్లీ వెలిగించడానికి మరొకటి. ఆపితే ఎంత మిగులుతుందని వేసే లెక్కలో ఈ మూడింటినీ చేర్చకపోతే ఆ లెక్కకు అర్థం లేదు.

ఈ కర్మాగారంలోనే దుక్క ఇనుము విషయం మరింత ఆసక్తికరం. కొలిమి నుంచి వచ్చే ద్రవ ఇనుమంతా ఉక్కుగా మారి, కడ్డీలుగా, తీగ చుట్టలుగా వెళ్లడమే సంస్థకు లాభసాటి. దుక్క ఇనుముకు ధర తక్కువ. ఖర్చులన్నీ పంచి చూస్తే ఇది దండగమారి సరుకుగా తేలే సందర్భాలు ఉంటాయి. అలాగని దీనిని సరుకుల జాబితా నుంచి కొట్టివేయలేరు. ఉక్కు తయారీ విభాగంలో మరమ్మతు వచ్చినప్పుడు కొలిమి నుంచి గంటగంటకూ వచ్చే ద్రవ ఇనుమును ఎక్కడో ఒకచోట పోయాలి. దుక్కలుగా పోస్తే కొంతైనా సొమ్ము వస్తుంది, కొలిమి ఆగదు. ఆ దుక్కలే ఫౌండ్రీలకు ముడిసరుకు. కోక్ ఓవెన్లలో వెలువడే తారు, బెంజాల్, అమ్మోనియం సల్ఫేట్, కొలిమి చిట్టెం నుంచి సిమెంటు కంపెనీలకు వెళ్లే స్లాగ్ ఇటువంటివే. ఒకే మంట నుంచి పుట్టిన సరుకుల్లో ఒకటి లాభమని, మరొకటి నష్టమని వేరు చేసి చూపడం అంకెల సౌలభ్యం కోసమే. వాటి విషయంలో అడగదగిన ప్రశ్న ఒక్కటే. కొలిమి నుంచి బయటికి వచ్చాక, దానిని అమ్మదగిన రూపానికి తేవడానికి పెట్టే అదనపు ఖర్చు కన్నా వచ్చే ధర ఎక్కువా, తక్కువా?

చట్టం అడిగేది, అడగనిది

లెక్క ఏదైనా, మూసివేత యాజమాన్యం ఇష్టానుసారం జరిగే పని కాదు. జింకు కర్మాగారం నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం 100 మంది, అంతకు మించి కార్మికులున్న కర్మాగారాన్ని మూసేందుకు 90 రోజుల ముందే ప్రభుత్వ అనుమతి కోరాలి. పూర్తయిన ప్రతి ఏడాది సర్వీసుకు 15 రోజుల సగటు వేతనం చొప్పున పరిహారం చెల్లించాలి. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల స్మృతి ఈ పరిమితిని 300 మందికి పెంచింది. అంతకు తక్కువ మంది పనిచేసే యూనిట్ల యజమానులకు ముందస్తు అనుమతి అక్కర లేకుండా పోయింది. ఆటోనగర్ తరహా యూనిట్లలో అత్యధికం ఈ గీతకు దిగువనే ఉంటాయి.

చట్టం ఎక్కువగా పట్టించుకునేది సంస్థ మూతపడినప్పుడు. ఒక సరుకు తయారీ ఆపి, కార్మికులను పక్క విభాగానికి మార్చి, కాంట్రాక్టు కార్మికులను రావద్దంటే పెద్దగా అడిగేవారుండరు. ఉత్పత్తి తగ్గిన ప్రతిసారీ మొదటి వేటు కాంట్రాక్టు కార్మికులపైనే పడడానికి కారణం కూడా పైన చెప్పిన లెక్కలోనే ఉంది. శాశ్వత ఉద్యోగి జీతం స్థిర వ్యయం, వెంటనే తగ్గించలేనిది. కాంట్రాక్టు కూలి తప్పించుకోగల వ్యయం. వాణిజ్యశాస్త్ర పుస్తకంలో ఇవి రెండు గడులు. స్టీలు ప్లాంటు నిర్వాసిత గ్రామాల్లో తరచుగా ఇవి ఒకే ఇంట్లో తండ్రీ కొడుకులు.

అన్నపూర్ణ విషయానికి వస్తే, జిందాల్ స్టీల్ అండ్ పవర్ సంస్థతో కుదిరిన ఒప్పందం ఆసరాగా 2023 డిసెంబరు చివర దానిని తిరిగి వెలిగించారు. నిధుల కొరతతో మళ్లీ ఆగింది. 2024 సెప్టెంబరులో మూడింటిలో ఒక్క కొలిమి మాత్రమే పనిచేసిన దశ కూడా వచ్చింది. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీ ప్రకటించింది. ఇందులో 10,300 కోట్లు వాటా మూలధనంగా ఇవ్వగా, 1,140 కోట్ల నిర్వహణ రుణాన్ని ప్రిఫరెన్స్ వాటాలుగా మార్చారు. అదే ఏడాది జూన్ ఆఖరులో అన్నపూర్ణ మరోసారి వెలిగింది.